మేస్త్రి బావ బొటనవేలు

మా గాలపు సంఘంలో ఒక నిబంధన ఉంది. నెలకొకసారి ప్రతి సభ్యుడూ రెండు చేతులూ సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, బొటనవేళ్ళు నా ముందు చాపాలి. నేను వేలు వత్తి చూస్తాను. సూదిమొన తగిలించి తెలుస్తోందా అని అడుగుతాను. తెలియడం లేదన్నవాడు డాక్టరుకు చూపించుకుని వచ్చేదాకా గట్టు మీద గాలం వెయ్యడానికి వీల్లేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఇదంతా వింతగా ఉంటుంది. గోళ్ళు చూసే పంతులని నా వెనకాల అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. ఆ నిబంధన పెట్టింది నేను, నేనున్నంతకాలం అది ఉంటుంది. ఎందుకు పెట్టానో ఇంతవరకు ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఈసారి సంఘం సంచికకు ఏదైనా రాయమన్నారు కనక రాస్తున్నాను.

నేను ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివాను. ఒకటే గది, ఒకరే పంతులు, కింద మట్టినేల. అయినా ఈ సంఘం నియమావళి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా చేత్తో రాసిందే. పెంకుల ఫ్యాక్టరీ మూతపడ్డాక, మట్టి తవ్వగా మిగిలిన, మేము గాలాలు వేసే ఈ నీళ్ళ గుంటను విరిగిన పెంకులతో పూడ్చేస్తామని యజమానులు లారీలు తోలించారు. మొదటి లారీకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి నేనే. డ్రైవరు హారను కొట్టీ కొట్టీ అలిసిపోయి, చివరికి దిగివచ్చి నా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళలోకి దిగే మెట్లు కట్టించాను. షెడ్డు వేయించాను. ఆ షెడ్డు గోడకున్న రికార్డుల పలక మీద అన్నిటికన్నా పైన ఉన్న చేప నాది. బంగారు తీగ చేప, ఈ గుంటలో అంత బరువుది అంతకుముందు పడలేదు, ఆ తర్వాతా పడలేదు. గొప్పకు చెప్పుకోవడం కాదు, ఉన్నమాట చెబుతున్నాను. కాని ఆ చేపను ఆపిన రీలు నేను చేసింది కాదు. మా బావ చేసింది.

బావ అంటే మా అక్క భర్త. లేతు మేస్త్రి, లోహాన్ని తిప్పుతూ చెక్కే పని. నీళ్ళ పంపుల కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసి, వాళ్ళతో పొసగక బయటికి వచ్చి, బస్సు డిపో వెనకసందులో ఇంటి వెనకభాగాన్నే వర్క్‌షాపు చేసుకున్నాడు. ముందుగదిలో అక్క కుట్టుమిషను, మధ్యలో వంటిల్లు, వెనకగదిలో లేతు. మిషనూ లేతూ ఒకేసారి నడిస్తే ఆ ఇంట్లో మనుషులు చేతులు తిప్పి మాట్లాడుకోవలసిందే. వెనకగదిలో ఒకే కిటికీ. దాని గూట్లో టీగ్లాసు, నూనెడబ్బా, ఉప్పుకాగితం ముక్కలు. నేలంతా లేతు నుంచి రాలిన లోహపు రజను. చెప్పులు లేకుండా ఆ గడప దాటితే కాలు తెగేది. అందరూ ఆయన్ను మేస్త్రి అనే పిలిచేవారు. అక్క కూడా నలుగురిలో మేస్త్రిగారనే అనేది. నన్నేమో ఆయన మామూలుగా బామ్మర్దీ అనీ, ఎగతాళి చేయాలనుకున్నప్పుడు అధ్యక్షా అనీ పిలిచేవాడు. ఎక్కువసార్లు అధ్యక్షానే.

బావ చేసేవి సెంటర్‌పిన్ రీళ్ళు. అవి చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. బజారులో దొరికే రీళ్ళలో పళ్ళచక్రాలుంటాయి, బ్రేకు ఉంటుంది. చేప లాగితే రీలు తనంతట తాను తంగూసు దారం వదులుతుంది, తనంతట తాను బిగిస్తుంది. సెంటర్‌పిన్‌లో అవేవీ లేవు. వెడల్పాటి డ్రమ్ము ఒకటి, మధ్యలో ఉక్కు పిన్ను ఒకటి, అంతే. డ్రమ్ము ఆ పిన్ను మీద బొంగరంలా తిరుగుతుంది. ఆపాలంటే అంచు మీద బొటనవేలు పెట్టాలి. చేప పరిగెత్తుతున్నప్పుడు ఎంత వత్తాలి, ఎప్పుడు వదలాలి అన్నది మొత్తం ఆ వేలికే తెలియాలి. ఎక్కువ వత్తితే తంగూసు తెగుతుంది. తక్కువ వత్తితే చేప తుంగలోకి దూరుతుంది. బంగారు తీగ లాంటి బరువైన చేప మొదటి పరుగు తీసినప్పుడు ఆ వేలి కింద ఏమవుతుందో అనుభవించినవాడు మళ్ళీ బజారు రీలు ముట్టుకోడు.

బావ చేసినట్టు రీళ్ళు చెయ్యడం చుట్టుపక్కల ఇంకెవరికీ రాలేదు. అల్యూమినియం దిమ్మను లేతు మీద తిరిగే చక్కుకు బిగించి, లోపలంతా తొలిచి, గోడలు రేకంత పలచన చేసేవాడు. పిన్నుకు ఇత్తడి బుష్షు, అంటే చిన్న గొట్టం, వేసి, అందులో మిషను నూనె ఒక్క చుక్క పోసి, డ్రమ్మును వేలితో ఒక్క తట్టు తట్టి పక్కన పెట్టేవాడు. మేము టీ తాగి గ్లాసులు కడిగి వచ్చేసరికి అది ఇంకా తిరుగుతూనే ఉండేది. మధ్యలో ఆగిందంటే మళ్ళీ చక్కుకు ఎక్కించేవాడు. బాగానే ఉంది కదా బావా అంటే, నీ ఉపన్యాసం కూడా బాగానే ఉంటుంది, అయినా జనం మధ్యలో లేచిపోతారు కదా అనేవాడు.

ఆ రీళ్ళతో ఒక గుర్తు వచ్చింది. అల్యూమినియం అంచు చర్మానికి రాసుకుంటే నల్లటి మసి అంటుకుంటుంది, తడిచేతికైతే మరీను. రోజూ గాలం వేసేవాడి బొటనవేలి మీద ఆ నలుపు గీతల్లోకి దిగిపోయి సబ్బుకు కూడా లొంగదు. పైగా ఒరుసుకుని ఒరుసుకుని వేలికొన కాయ కాసి చెప్పుతోలులా అవుతుంది. మా గట్టు మీద అది మాకు పతకం లాంటిది. ఎవడైనా కొత్తవాడు వచ్చి తాను ఇంత పట్టాను అంత పట్టాను అని కోతలు కోస్తే, ముందు వేలు చూపించు అనేవాళ్ళం. తెల్లగా ఉంటే అందరం నవ్వేవాళ్ళం. అందరిలోకీ నల్లటి వేలు మేస్త్రిది. దాన్ని ఎత్తి చూపించి, ఇది కడిగితే పోయేది కాదురా అని ఆయన అంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టేవారు.

కాని ఆయనకు షుగరు ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు, గుర్తు రానప్పుడు లేదు.

వాన వెలిసి నీళ్ళు ఇంకా మట్టిరంగులో ఉన్న ఒక సాయంత్రం మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన బెండు మునిగింది. పెద్ద చేప. గుంటకు అడ్డంగా పరుగు తీసింది. రీలు చప్పుడు లేకుండా తిరుగుతోంది, ఆయన వేలు అంచు మీద ఉంది. అంత వేగంగా తిరిగే అంచు మీద వేలు అట్లాగే ఆన్చి ఉంచడం ఎవరివల్లా కాదు, కాలుతుంది. మేమంతా తీసి పెట్టి, తీసి పెట్టి ఆపుతాం. ఆయన తియ్యలేదు. కొద్దిసేపటికి వెంట్రుకలు కాలిన వాసన లాంటిది వచ్చింది. నేను ఆయన వేలు చూశాను. చర్మం లేచిపోయింది. ఆయన ముఖం మాత్రం ఎప్పటిలాగే ఉంది. చేప ఆగింది, తిరిగింది, చేతివలలోకి వచ్చింది. గట్టు మీద వాళ్ళంతా చుట్టూ మూగారు. మేస్త్రి వేలు వేలు కాదు ఇనుము అన్నాడొకడు. బావ నవ్వి, నీళ్ళలో వేలు ముంచి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అది ధైర్యం కాదు. ఆయనకు నొప్పి తెలియలేదు. అది గట్టు మీద ఎవరికీ తట్టలేదు, తట్టే మార్గమూ లేదు. నల్లటి వేలు, కాయ కాసిన వేలు, కాలినా చలించని వేలు, మా దృష్టిలో అన్నీ మంచి గాలపువాడి లక్షణాలే. వేరే ఏ పని చేసుకునే మనిషికైనా వేలు నల్లబడితే ఇంట్లోవాళ్ళు ఆ పూటే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. మా మధ్య ఉన్నాడు కనక ఆయన వేలు ఎంత నల్లబడితే అంత మర్యాద పెరిగింది.

ముందు అనుమానం వచ్చింది అక్కకు. ఆమె కుట్టే బట్టలు లేతరంగువి. భోజనానికి కూర్చున్నప్పుడు ఆ నల్లవేలు చూసి ఎప్పుడూ విసుక్కునేది. ఒక ఆదివారం పొద్దున ఆయన్ను కుళాయి దగ్గర పీట మీద కూర్చోబెట్టి, కిరసనాయిలు గుడ్డతో రుద్దింది. పోలేదు. గరుకురాయితో రుద్దింది. పోలేదు. గోరు పక్కనుంచి ఏదో చెమ్మ వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి రాయి కింద పెట్టేసింది.

"ఇది చేపవాసన కాదు."

"నీ ముక్కుకు అన్నీ వాసనే. వదిలెయ్, ఒక్కరోజు కడిగితే పోయేదా అది."

"నేను మసి రుద్దడం లేదండీ. చర్మం రుద్దుతున్నాను. మీకు నొప్పి పెట్టడం లేదా?"

అక్క గాజుకున్న పిన్నీసు తీసి, ఆయన అటు చూస్తుండగా వేలికొనలో గుచ్చింది. ఆయన అటే చూస్తున్నాడు. అప్పుడు వంటింటి గుమ్మంలో నేనే ఉన్నాను, సంఘం చందాల పని మీద వచ్చి. అక్క నావైపు తిరిగినప్పుడు ఆమె ముఖంలో రక్తం లేదు.

మర్నాడు నేను వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళలేకపోయాను. గుంటలోకి మురుగు వదలకుండా చూడమని ఆ రోజే పెద్ద ఆఫీసరుతో మాట్లాడవలసి ఉంది. కాగితం చూడకుండా మాట్లాడి, ఆ పూటే హామీ తీసుకుని వచ్చాను. బావ వెంట అక్కా, నా మేనకోడలూ వెళ్ళారు. మేనకోడలు అంటే వాళ్ళమ్మాయి, కళ్ళద్దాల షాపులో పనిచేసేది, ఊళ్ళోనే వేరే వీధిలో కాపురం. పేరు పిలిచాక బావ డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్ళాడట. పెళ్ళికి వెళ్ళినట్టు అందరూ ఎందుకు, బయట కూర్చోండి అన్నాడట. చాలాసేపటికి బయటికి వచ్చి, సంగతి చెప్పాడు. షుగరు వల్ల వేలి నరాలు ఎప్పుడో చచ్చిపోయాయి, కాలిన చోట కుళ్ళు పట్టింది, బొటనవేలు తియ్యాలి. తొందరేం లేదు. వాపు తగ్గడానికి మాత్రలు వాడాలి, తగ్గాక వాళ్ళే పిలుస్తారు.

ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం మాకు తర్వాత తెలిసింది. డాక్టరు చెప్పిందేమిటంటే, రేపు పొద్దున ఖాళీ కడుపుతో వచ్చి చేరమని. ఇప్పుడైతే వేలితో పోతుంది, ఆలస్యం చేస్తే చెయ్యి పోతుందని కూడా విడమరిచి చెప్పాడట.

మేమందరం బావ మాట నమ్మాం. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. పంపుల కంపెనీలో తన తప్పు వల్ల విరిగిన గేరు గురించి తానే వెళ్ళి చెప్పి జీతం కోయించుకున్న మనిషి. పైగా మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు, కట్టు మార్చుకుంటున్నాడు. రోజంతా వెనకగదిలో లేతు నడుస్తూనే ఉంది. ఒప్పుకున్న పనులు పూర్తిచేస్తున్నానని అక్కతో అన్నాడు. ఒకటి రెండుసార్లు ఆమె ఆసుపత్రి వాళ్ళు ఇంకా పిలవలేదేమని అడిగితే, ఫోను చేశారు, మంచాలు ఖాళీ లేవన్నారని చెప్పాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను వెళ్ళాను. కుడిచేతికి తోలు తొడుగు వేసుకుని పనిచేస్తున్నాడు. గదిలో మిషను నూనె వాసన, దాని అడుగున ఇంకో వాసన. నన్ను చూసి లేతు ఆపి, బల్ల మీంచి గుడ్డ తీశాడు. కింద ఒక రీలు ఉంది. నేను అంతవరకు అలాంటిది చూడలేదు. డ్రమ్ము మామూలుగానే ఉంది, వెనకాల మాత్రం వంపు తిరిగిన మీట ఒకటి. మీట చివర తోలు దిండు, అది డ్రమ్ము అంచుకు ఆనుతుంది.

"పట్టుకో. బొటనవేలు మడిచిపెట్టు. ఊ, అట్లా. ఇప్పుడు అరచేతి మొదలుతో మీట వత్తు."

వత్తాను. తిరుగుతున్న డ్రమ్ము మెత్తగా నెమ్మదించింది. ఇంకాస్త వత్తాను, ఆగింది. వదిలాను, మళ్ళీ తిరిగింది. ఎంత వత్తితే అంతే. వేలితో చేసినట్టే ఉంది.

"అరచేతికి ఇంకా తెలుస్తోంది నాకు," అన్నాడు. "పిన్నీసుతో చూసుకున్నాను. వేలు పోతే పోనీ బామ్మర్దీ. అరచెయ్యి చాలు."

"మరి ఆపరేషను అయ్యాక నెమ్మదిగా చేసుకోవచ్చు కదా, ఇప్పుడు ఈ చేత్తో ఎందుకు?"

"వేలు తీసేశాక లేతు చక్రం ఎవడు తిప్పుతాడు? కొలత ఎవడు పట్టుకుంటాడు? నువ్వా అధ్యక్షా? తీర్మానం చేసి తిప్పుతావా?"

ఇద్దరం నవ్వాం. ఆయన చెప్పింది నిజమే. సన్నటి పనికి బొటనవేలు కావాలి. పిన్ను కొలత చూసేటప్పుడు, చక్రాన్ని వెంట్రుకవాసి జరిపేటప్పుడు, ఆ వేలూ చూపుడువేలూ రెండే పనిచేస్తాయి. ఆ చచ్చిన వేలితోనే, కళ్ళతో చూసుకుంటూ, అది పోయాక దాని పని చెయ్యడానికి ఒక మీట చేసుకుంటున్నాడు. లేతు మీద తనకు అదే చివరి పని అని ఆయనకు తెలుసు. మీట స్ప్రింగు ఇంకా కుదరలేదనీ, వదిలాక దిండు కొద్దిగా రాసుకుంటోందనీ, ఇంకో బుష్షు తిప్పాలనీ చెప్పాడు. నాకైతే ఏ రాపిడీ వినిపించలేదు. డ్రమ్మును తట్టి చెవి దగ్గర పెట్టాడు. బాగా వినమన్నాడు. నేను వింటున్నంతసేపూ నా ముఖమే చూశాడు.

ఆ తర్వాత ఒకరోజు మేనకోడలు పుట్టింటికి వచ్చింది. కట్టు ఎప్పుడూ తానే మార్చుకునేవాడు, తలుపు వేసుకుని. ఆ రోజు ఒళ్ళు వెచ్చబడి నిద్రపోతుంటే ఆ పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి చూసింది. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా లోపలివైపు ఎర్రటి గీత పాకి ఉంది. వెంటనే ముందుగదిలోకి వచ్చి ఆసుపత్రికి ఫోను చేసింది, మంచం త్వరగా ఇప్పించమని బతిమాలుకోవడానికి. అవతలివాళ్ళు ఆయన పేరు వినగానే, ఆ మర్నాడే రమ్మన్నాం, రాలేదు, రెండుసార్లు మేమే ఫోను చేశాం, వస్తానని పెట్టేశారు, మంచాలకేం కొదవ అన్నారట.

ఆమె నాకు కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి బావ లేచి మళ్ళీ లేతు దగ్గర ఉన్నాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చక్కు తిరుగుతోంది, దానికి చిన్న ఇత్తడిముక్క. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర, పెట్టెయ్యడం మరిచిపోయి. మేనకోడలు ఆమె వెనక.

"డాక్టరు మిమ్మల్ని ఎప్పుడు రమ్మన్నాడు?" అంది అక్క.

"ఇదొక్క బుష్షు అయిపోతే..."

"నేనడిగింది అది కాదు."

ఆయన తల ఎత్తలేదు. "మర్నాడే రమ్మన్నాడు."

"ఏమవుతుందో చెప్పాడా?"

"చెప్పాడు."

అక్క ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. గదిలోకి నడిచి వచ్చి గోడ మీది స్విచ్చు ఆపింది. పెద్ద చక్కు, వెంటనే ఆగదు. అది నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగేదాకా నలుగురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆగాక ఆయన ఇత్తడిముక్కను విప్పబోయాడు. వేళ్ళు పట్టు తప్పాయి. ముక్క రజనులో పడింది. వెతకడానికి వంగబోతే మేనకోడలు భుజం పట్టుకుని లేపింది.

ఆటోలో ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రి మెట్ల దగ్గర, రీలు మీద గుడ్డ కప్పి వచ్చావా, రజను పడితే పాడవుతుంది అన్నాడు. కప్పానని చెప్పాను. నిజానికి మేనకోడలు కప్పింది.

డాక్టరు నడివయసు మనిషి, మాటలు పొదుపు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, బావతోనే సూటిగా చెప్పాడు. ఇది ఇప్పుడు వేలి సంగతి కాదు, రక్తంలోకి పాకుతోంది. ఈ పూటే చెయ్యాలి. బావ అడిగింది ఒకటే మాట.

"అరచెయ్యి మిగులుతుందా సార్?"

"తెరిచి చూస్తే గాని చెప్పలేను. ప్రాణం మిగిలేట్టు చూస్తాను."

ఆయన్ను చక్రాల మంచం మీద తీసుకెళుతుంటే అక్క పక్కన నడిచింది కాని చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఆమె వైపున్నది ఆ చెయ్యే.

నేను జీవితంలో చాలా చోట్ల నోరు విప్పి మాట్లాడాను. ఆఫీసర్ల ముందు, యజమానుల ముందు, పోలీసుల ముందు మాట తడబడలేదు. రెండు వీధుల మధ్య కుళాయి తగువును కుర్చీలోంచి లేవకుండా తీర్చాను. మర్నాడు ఆ వార్డులో బావ మంచం పక్కన కూర్చుంటే మాత్రం ఒక్క మాట దొరకలేదు. కట్టు దిండంత ఉంది, దాని మీద దుప్పటి. బయటనుంచి చూస్తే లోపల ఎంత ఉందో ఎంత లేదో తెలియదు. అక్క పళ్ళరసం తేవడానికి కిందికి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"బొటనవేలు తెలుస్తోంది," అన్నాడు.

నేను దగ్గరికి వంగాను.

"మంట పుడుతోంది బామ్మర్దీ. అంచు మీద కాలినట్టు. ఎన్నేళ్ళుగానో తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. అంటే తియ్యలేదా? మాత్రలతో తగ్గించారా?"

తీసేసిన అవయవం ఉన్నట్టే నొప్పి పుట్టడం ఉంటుందని నర్సు పొద్దునే నాతో చెప్పింది. రోగి అడిగితే నిజం చెప్పమనీ చెప్పింది, ఆశ పెడితే తర్వాత ఇంకా కష్టమట.

"మోచేతి కిందనుంచి తీసేశారు బావా."

ఆయన నావైపు తిరిగాడు. "అరచెయ్యి?"

"లేదు."

ఎడమచేత్తో దుప్పటి కొంచెం పైకి లాగి చూసుకున్నాడు. మళ్ళీ కప్పుకున్నాడు. మంట తగ్గలేదు కాబోలు, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఆ రీలు ఎవరికైనా ఇచ్చెయ్."

"ఎవరికి ఇవ్వను బావా?"

"బొటనవేలు లేనివాడికి." కళ్ళు తెరవకుండానే అన్నాడు, "అరచెయ్యి ఉండాలి వాడికి. చూసి ఇవ్వు."

గట్టు మీద అలాంటివాడు ఎవడూ లేడు. రీలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, బుష్షు వెయ్యలేదు. సంఘంలో ఆ నిబంధన పెట్టింది ఆ తర్వాత జరిగిన మొదటి సమావేశంలోనే. ఒక్కడు కూడా వ్యతిరేకించకుండా నెగ్గించాను. అందరూ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చారు. రెండోవరసలో ఒకతను సూది గుచ్చినా తెలియడం లేదన్నాడు. డాక్టరు చూసి అతనికీ షుగరే అన్నాడు, పాదాలకు కూడా ఇప్పుడు వైద్యం జరుగుతోంది, చేతులు రెండూ ఉన్నాయి.

బావను ఇంటికి తీసుకువచ్చిన రోజు నేనూ ఉన్నాను. మెట్లు తానే ఎక్కాడు. వెనకగది వైపు చూడలేదు. ముందుగదిలో మంచం వేసి ఉంచారు. ఆసుపత్రి చొక్కా మార్చుకుంటానని గోడలో బట్టల అర తెరిచాడు. మడతలు పెట్టి ఉన్న చొక్కాలన్నిటికీ కుడిచెయ్యి మోచేతి దగ్గర కత్తిరించి ఉంది. అంచు లోపలికి మడిచి, అదే రంగు దారంతో సన్నగా, ఎక్కడా వంకర పోకుండా కుట్టి ఉంది. బయటికి వేసుకునేవీ, ఇంట్లో వేసుకునేవీ, పనిలో వేసుకునే నూనెమరకల చొక్కాతో సహా అన్నీ. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు.

"ఒక్కటైనా అట్లాగే ఉంచాల్సింది," అన్నాడు.

అక్క మిషను దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. "ఎవరికోసం?" అంది. తలెత్తలేదు.

ఆయన ఒక చొక్కా తీసుకుని మంచం మీద కూర్చుని, ఎడమచెయ్యి తొడిగి, కుట్టేసిన చెయ్యిలోకి కట్టును నెమ్మదిగా దూర్చాడు. గుండీల దగ్గర ఆగిపోయాడు. ఎడమచేతి వేళ్ళతో ఒకటి పెట్టబోయాడు, జారింది. మళ్ళీ పెట్టబోయాడు. నేను లేవబోతే అక్క చూపుతోనే కూర్చోమంది. ఆయన ఇంకా చాలాసేపు అదే గుండీతో పెనుగులాడాడు. వీధిలో బస్సు ఒకటి డిపోలోకి మలుపు తిరిగి వెళ్ళింది. చివరికి అక్క మిషను దగ్గర్నుంచి లేచింది. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కిందనుంచి ఒక్కొక్క గుండీ పెడుతూ పైకి వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మెడ దగ్గరది వద్దు," అన్నాడు. "బిగుతుగా ఉంటుంది."

ఆమె దాన్ని వదిలేసి లేచి, కాలర్ సర్ది, మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది.